కన్ను ఒకరిది, మందు ఊరందరికీ

పిల్లలూ! ఎప్పుడైనా మీ కంట్లో వెంట్రుక పడిందా? పడితే ఆ అవస్థ ఎలాంటిదో మీకు తెలిసే ఉంటుంది. కన్ను తెరవలేము, మూసి ఉంచలేము. నీళ్ళు ధారగా కారిపోతాయి. అమ్మ వచ్చి, రెప్ప పైకెత్తి, ఆ వెంట్రుకను తీసేసిందాకా మనకు మరో ధ్యాస ఉండదు.

ఇప్పుడు ఇంకొక సంగతి ఆలోచించండి. ఎక్కడి నుంచో వచ్చి పడిన వెంట్రుక అయితే తీసి పారెయ్యవచ్చు. మన రెప్పకు ఉన్న వెంట్రుకలే లోపలికి తిరిగి కంటిని గీరుతూ ఉంటే ఏం చెయ్యాలి? మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాడు. గంటకు 900 సార్లు. రోజుకు 16 గంటలు మేలుకుని ఉంటాడనుకుంటే, 14,400 సార్లు. అన్నిసార్లూ ఆ వెంట్రుకలు కంటిమీద గీతలు గీస్తాయన్నమాట.

ఇది కట్టుకథ కాదు. ఇథియోపియా దేశపు పల్లెల్లో కొందరు ముసలమ్మలు ముల్లు తీసే చిన్న పట్టుకారు వంటిది ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటారు. లోపలికి తిరిగిన రెప్పవెంట్రుకలను దానితో పీకేసుకుంటారు. కొద్ది వారాల్లో అవి మళ్ళీ మొలుస్తాయి. మళ్ళీ పీకాలి. వాళ్ళకీ బాధ తెచ్చిపెట్టిన జబ్బు పేరు ట్రాకోమా. ఒకరి నుంచి ఒకరికి అంటుకుని చూపు పోగొట్టే జబ్బులలో ప్రపంచం మొత్తం మీద దీనిదే మొదటి స్థానం.

చిత్రమేమంటే, ఆ ముసలమ్మకు ఈ జబ్బు ముసలితనంలో వచ్చింది కాదు. ఆమె మీ తమ్ముడంత, మీ చెల్లెలంత పిల్లగా ఉన్నప్పుడు వచ్చింది!

ఆవగింజలు, పువ్వులు

మీ పైరెప్ప లోపలి వైపున పలచని, నున్నని పొర ఒకటి ఉన్నది. ట్రాకోమా క్రిములు అక్కడ కాపురం పెడతాయి. అప్పుడు ఆ పొర ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, దానిమీద చిన్న చిన్న గింజలు లేస్తాయి. కళ్ళు పుసులు కడతాయి, నీళ్ళు కారతాయి. కొందరు పిల్లలకు ఇవేవీ పెద్దగా కనిపించవు. వాళ్ళు రోజూ ఆడుకుంటూనే ఉంటారు, కాని వాళ్ళ కళ్ళలో క్రిములుంటాయి.

ఒక్కసారి వచ్చిపోతే ఈ జబ్బు మనిషిని గుడ్డివాణ్ణి చెయ్యదు. కాని ఇది ఒక్కసారితో పోయే రకం కాదు. తగ్గినట్టే తగ్గి, పక్కవాళ్ళ నుంచి మళ్ళీ వస్తుంది. ఒక్కొక్క బిడ్డకు పెద్దయ్యేలోగా ఎన్నోసార్లు వస్తుంది. ఇలా పదేపదే వస్తే రెప్ప లోపల మచ్చలు మిగులుతాయి. చెయ్యి కాలితే, మానిన తరువాత ఆ చోట చర్మం ముడుచుకుపోవటం మీరు చూసే ఉంటారు. రెప్ప లోపల కూడా అలాగే జరుగుతుంది. మచ్చ మీద మచ్చ పడి, ముడుచుకుని, రెప్ప అంచును లోపలికి లాగేస్తుంది. దానితోపాటు వెంట్రుకలూ లోపలికి తిరుగుతాయి. ఇక గీరుడు మొదలు. నల్లగుడ్డు మీద అద్దం లాగా ఉండే పొర గీతలు పడి, పుండ్లు పడి, చివరకు తెల్లబడిపోతుంది. పల్లెల్లో దానిని "కంట్లో పువ్వు వేసింది" అంటారు. ఆ పువ్వు వేసిన తరువాత పోయిన చూపును తిరిగి తీసుకురావటం బహుకష్టం.

చిన్న పిల్లల కళ్ళలోనే ఈ క్రిములు ఎక్కువగా ఉంటాయి. అంచేత పిల్లలను ఎత్తుకునేవాళ్ళకు, పక్కలో వేసుకుని పడుకునేవాళ్ళకు ఇవి సులభంగా అంటుతాయి. ఎత్తుకునేది ఎవరు? అమ్మ, అమ్మమ్మ, అక్క. ట్రాకోమా వల్ల చూపు పోయినవాళ్ళలో కొన్నిచోట్ల ఒక మగవాడికి నలుగురు ఆడవాళ్ళ చొప్పున ఉండటానికి కారణం ఇదే.

ఈ జబ్బు కొత్తది కాదు. మన సుశ్రుతుడు "పోథకి" అనే కంటిజబ్బును వర్ణించాడు. రెప్ప లోపల ఎర్రని ఆవగింజల వంటివి లేస్తాయనీ, దురద పెడుతుందనీ, నీరు కారుతుందనీ, రెప్ప బరువెక్కుతుందనీ చెప్పాడు. అది ట్రాకోమాయే అని చాలామంది వైద్యులు అనుకుంటారు. "ట్రాకోమా" అన్నది గ్రీకుమాట. దాని అర్థం "గరుకుతనం." సుమారు మూడున్నర వేల ఏళ్ళ కిందట ఈజిప్టువాళ్ళు రాసిపెట్టుకున్న వైద్యగ్రంథంలో కూడా ఇలాంటి జబ్బుకు మందులున్నాయి.

1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తినప్పుడు అతని సైనికులనూ, అక్కడ వారితో పోరాడిన ఆంగ్ల సైనికులనూ కంటిజబ్బులు పట్టుకున్నాయి. వాళ్ళు ఇళ్ళకు తిరిగివెళుతూ ఆ జబ్బులను ఐరోపా అంతటా పంచిపెట్టారు. లండనులో 1805లో కళ్ళకోసమే ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి వెలసింది. ఆ తరువాత నూరేళ్ళకు, అమెరికాలో కాపురం ఉండటానికి ఓడలలో వెళ్ళిన లక్షలాది జనాన్ని న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపంలో నిలబెట్టి పరీక్ష చేసేవారు. వైద్యుడు బూట్లకు బొత్తాలు పెట్టుకునే కొక్కెంతో రెప్ప తిరగవేసి చూసేవాడు. ట్రాకోమా ఉన్నదంటే ఆ మనిషిని వచ్చిన దారినే వెనక్కు పంపేసేవారు.

ఐరోపాలోనూ, అమెరికాలోనూ ఇళ్ళలోకి కొళాయి నీళ్ళు వచ్చి, ఊళ్ళు శుభ్రపడిన కొద్దీ ఈ జబ్బు దానంతట అదే చాలావరకు తగ్గిపోయింది. మంచి మందు దొరకక ముందే తగ్గటం మొదలుపెట్టింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

ముసుగు వేసుకున్న క్రిమి

జబ్బు పాతదే అయినా, దానికి కారణమైన క్రిమి ఎవరికీ చిక్కలేదు. 1907లో హాల్‌బర్‌స్టెటర్, ప్రోవజెక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు జావా ద్వీపంలో పరిశోధన చేశారు. రోగి రెప్ప లోపలి రసిని ఒరాంగుటాను కోతుల కళ్ళకు అంటించి, ఆ కోతుల రెప్పల నుంచి తీసిన కణాలకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూశారు. కణాల లోపల చిన్న చిన్న చుక్కలు గుంపుగా కనిపించాయి. అవి దుప్పటి కప్పుకున్నట్టు ఉండటం చేత, పై వస్త్రం అని అర్థం వచ్చే గ్రీకుమాట నుంచి వాటికి పేరు పెట్టారు. ఆ మాట నుంచే ఇప్పటి "క్లమిడియా" అన్న పేరు వచ్చింది.

మామూలు బాక్టీరియాలను గాజు పళ్ళెంలో ఆహారం వేసి పెంచవచ్చు. ఈ క్రిమి అలా పెరగదు. ఇది బతికి ఉన్న కణం లోపల దూరి, ఆ కణం సొమ్మే తింటూ బతుకుతుంది. అందుచేత దీనిని వేరుచేసి పెంచటానికి దాదాపు 50 ఏళ్ళు పట్టింది. ఆ పని చేసినవాడు చైనా శాస్త్రజ్ఞుడు టాంగ్ ఫెయ్‌ఫాన్. ఆయన 1955లో పెకింగు నగరంలో, పిల్ల తయారవుతున్న కోడిగుడ్డు సొనలో ఈ క్రిమిని పెంచగలిగాడు. తాను పెంచిన క్రిమి నిజంగా ట్రాకోమా క్రిమేనా? ఈ సందేహం తీరటానికి ఆయన దానిని తన కంట్లోనే వేసుకున్నాడు. జబ్బు వచ్చింది. లక్షణాలన్నీ స్పష్టంగా కనిపించేదాకా మందు వేసుకోకుండా ఓర్చుకున్నాడు. ఆ కంటి నుంచి మళ్ళీ అదే క్రిమిని బయటికి తీశాడు. సందేహం తీరిపోయింది. అది మహాసాహసం. దానిని మెచ్చుకోవాలే గాని, ఎవరూ అనుకరించకూడదు!

మట్టిలో దొరికిన మందులు

ఈ క్రిమి కణం లోపల దాక్కున్నదని చెప్పుకున్నాం. కోటలో దాక్కున్న శత్రువును పట్టుకోవాలంటే కోటలోకి ప్రవేశించగల మందు కావాలి. అలాంటి మందును వెతకటంలో మన తెలుగువాడికి కూడా పాత్ర ఉన్నది.

1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి, లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనలకు అధిపతి అయినారు. ఆయన వద్ద బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. ఉపాధ్యాయుడిగా విరమించుకుని, 70 ఏళ్ళు దాటిన తరువాత ఇక్కడ చేరిన మనిషి ఆయన. నేలలో ఉండే సూక్ష్మజీవులు ఒకదానితో ఒకటి పోరాడుకుంటూ, శత్రువులను చంపటానికి కొన్ని పదార్థాలను తయారు చేస్తాయి. డగ్గరు ఎక్కడెక్కడి నుంచో మట్టి తెప్పించి, అందులోని జీవులను పరీక్షించేవాడు. మిస్సోరీలోని ఒక పచ్చికబయలు మట్టిలో ఒక బంగారురంగు సూక్ష్మజీవి దొరికింది. అది తయారు చేసిన పదార్థం అనేక రకాల క్రిములను చంపింది. దాని రంగును బట్టి "ఆరియోమైసిన్" అని పేరు పెట్టి, 1948లో దానిని లోకానికి ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు చనిపోయారు.

టెట్రాసైక్లిన్‌లు అనే మందుల కుటుంబంలో ఆరియోమైసిన్ పెద్దకొడుకు వంటిది. ఈ మందులను లేపనంగా చేసి కళ్ళలో పెట్టితే ట్రాకోమా తగ్గుతుందని తెలిసింది. మన దేశంలో 1956లో అలీగఢ్‌లో ట్రాకోమా మీద ప్రయోగాత్మకంగా పని ప్రారంభమైంది. 1963లో దేశవ్యాప్తంగా ట్రాకోమా నివారణ పథకం మొదలైంది. ఆ రోజుల్లో పంజాబు, రాజస్థాన్, గుజరాత్, ఉత్తరప్రదేశ్ వంటి పొడి ప్రాంతాల పల్లెల్లో ఈ జబ్బు లేని ఇల్లు కనపడటం కష్టంగా ఉండేది. మన దక్షిణదేశంలో దీని బాధ తక్కువే.

లేపనం మంచిదే. కాని దానిని వాడటంలో ఒక చిక్కున్నది. రోజుకు రెండుసార్లు, ఆరు వారాలపాటు, రెండు కళ్ళలోనూ పెట్టాలి. లెక్కవేసి చూడండి: ఒక్కొక్క కంటికి 84 సార్లు! లేపనం పెట్టగానే కన్ను మసకేస్తుంది, మంట అనిపిస్తుంది. బిడ్డ ఏడుస్తాడు, కాళ్ళు తన్నుకుంటాడు, తప్పించుకుని పారిపోతాడు. ఇంట్లో నలుగురు పిల్లలుంటే తల్లి పొలంపని మానుకుని వాళ్ళ వెంట పరుగెత్తాలి. వారం తిరిగేసరికి కన్ను తెల్లబడుతుంది. "తగ్గిందిగా, ఇంక ఎందుకూ?" అని లేపనం అటకెక్కిస్తారు. క్రిములు మాత్రం లోపల అలాగే ఉండిపోతాయి.

ఒకే ఒక్క మోతాదు

ఈ చిక్కును విడదీసిన మందు యుగోస్లావియాలో పుట్టింది. ఇప్పుడు క్రొయేషియా దేశానికి రాజధాని అయిన జాగ్రెబ్ నగరం అప్పుడు యుగోస్లావియాలో ఉండేది. అంతకు ముందే ఫిలిప్పీన్సు దీవుల మట్టి నుంచి ఎరిత్రోమైసిన్ అనే మందు దొరికింది. దానికొక లోపం ఉన్నది. పొట్టలోని ఆమ్లానికి అది పాడైపోతుంది. జాగ్రెబ్‌లోని ప్లీవా అనే మందుల సంస్థలో స్లోబోదన్ జోకిచ్, గాబ్రియేలా కోబ్రెహెల్ మొదలైనవారు దాని నిర్మాణాన్ని మార్చి చూశారు. ఎరిత్రోమైసిన్‌లో పరమాణువులు ఒక వలయంలాగా కూర్చుని ఉంటాయి. ఆ వలయంలో ఒక నత్రజని పరమాణువును అదనంగా ఇరికించేసరికి కొత్తమందు తయారైంది. అది 1980లో. దాని పేరు అజిత్రోమైసిన్.

ఈ మందుకు రెండు మంచిగుణాలున్నాయి. ఇది పొట్టలో పాడవదు. అంతకన్న ముఖ్యం, ఇది రక్తంలో ఎక్కువసేపు ఉండక, శరీరంలోని కణాల లోపలికి వెళ్ళి చాలా రోజులపాటు అక్కడే నిలిచి ఉంటుంది. మన క్రిమి ఉండేది కూడా అక్కడే గదా! ఆఫ్రికాలోని గాంబియా దేశపు పల్లెల్లో దీనిని పరీక్షించి, 1993లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కసారి మింగిన అజిత్రోమైసిన్, ఆరు వారాలపాటు పెట్టిన లేపనంతో సమానంగా పనిచేసింది. బిడ్డ 84 సార్లు ఏడవనక్కరలేదు. ఒక గుక్క తియ్యని మందు తాగితే చాలు.

అయితే ఆఫ్రికా పల్లెల్లో మందు కొనే డబ్బు ఎవరి దగ్గర ఉన్నది? 1998 నుంచి ఆ మందును తయారుచేసే ఫైజర్ కంపెనీవారు ట్రాకోమా నిర్మూలనకోసం దానిని ఉచితంగా ఇస్తున్నారు. 2020 నాటికి అలా ఇచ్చిన మోతాదులు 100 కోట్లకు చేరుకున్నాయి.

మందు ఇచ్చే పద్ధతి కూడా వింతగా ఉంటుంది. ఎవరికి ఎంత మందు ఇవ్వాలన్నది వారి బరువును బట్టి ఉండాలి. కాని ఊరూరికీ తూనికయంత్రం మోసుకుపోవటం కష్టం. అందుకని ఒక ఉపాయం చేశారు. గీతలు గీసిన పొడుగాటి కర్ర ఒకటి తీసుకుపోతారు. బిడ్డను దాని పక్కన నిలబెడతారు. తల ఏ గీత దగ్గరికి వస్తే, అక్కడ రాసి ఉన్నంత మందు పోస్తారు. చిన్నపిల్లలకు పానకం లాంటి మందు, పెద్దవాళ్ళకు 250 మిల్లీగ్రాముల బిళ్ళలు నాలుగు. ఆరు నెలలు నిండని పసికందులకు మాత్రం పాత లేపనమే పెడతారు.

"నా కళ్ళు బాగానే ఉన్నాయిగా?"

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మందు పంచేవాళ్ళు ఒక ఊరికి వచ్చారనుకోండి. కళ్ళు ఎర్రగా ఉన్న పిల్లలకు మందు పోస్తారు. తరువాత, కళ్ళు శుభ్రంగా ఉన్న మిమ్మల్ని కూడా పిలుస్తారు. మీ నాన్నను పిలుస్తారు, మీ తాతను పిలుస్తారు. మీరేమంటారు? "నా కళ్ళు బాగానే ఉన్నాయిగా? నాకెందుకు మందు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే.

దీనికి జవాబు మీ ఇంట్లోనే ఉన్నది. అక్కకూ, చెల్లెలికీ తలనిండా పేలు పడ్డాయనుకోండి. అమ్మ అక్కను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, పేలదువ్వెనతో దువ్వి, పేలన్నీ తీసేసింది. ఆ రాత్రి అక్కాచెల్లెళ్ళు ఒకే దిండు మీద పడుకున్నారు. తెల్లవారేసరికి ఏమవుతుంది? అమ్మ పడిన శ్రమంతా వృథా! అందుకే తెలిసిన తల్లి ఒకే రోజున అందరి తలలూ చూస్తుంది.

ట్రాకోమా కూడా అంతే. ఎర్రబడని కంట్లో కూడా క్రిమి ఉండవచ్చు. బయటికి చూసి చెప్పలేము. జబ్బు కనిపించిన పదిమందికే మందు ఇస్తే, కనిపించని ఇరవైమంది దగ్గర నుంచి అది మళ్ళీ వాళ్ళకు వస్తుంది. అందుచేత ఒక ప్రాంతంలో 1 నుంచి 9 ఏళ్ళలోపు పిల్లల్లో నూటికి పదిమందికో, అంతకు మించో ఈ జబ్బు ఉంటే, ఆ ప్రాంతంలో అందరికీ మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమం పెట్టింది. నూటికి కనీసం 80 మంది అయినా తాగాలి. ఏడాదికి ఒకసారి చొప్పున కొన్నేళ్ళు ఇలా చెయ్యాలి.

ఇది మన దేశంలోనే ఒకచోట జరిగింది. విశాఖపట్నం నుంచి ఓడ ఎక్కితే అండమాన్ దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిర్ చేరుతాము. ఆ పట్టణానికి 2024లో శ్రీ విజయపురం అని కొత్తపేరు పెట్టారు. అక్కడి నుంచి ఇంకా దక్షిణానికి పోతే కార్ నికోబార్ ద్వీపం వస్తుంది. అక్కడి నికోబారీలు "తుహెత్" అనే పెద్ద ఉమ్మడి కుటుంబాలుగా బతుకుతారు. 2004 డిసెంబరులో వచ్చిన సునామీ ఆ ద్వీపాన్ని అతలాకుతలం చేసింది. కొన్నేళ్ళ తరువాత ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులు అక్కడి పిల్లల రెప్పలు తిరగవేసి చూసి ఆశ్చర్యపోయారు. 1 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో ప్రతి ఇద్దరిలో ఒకరికి ట్రాకోమా ఉన్నది! దేశంలో చాలాచోట్ల అణగిపోయిన జబ్బు అక్కడ అంత బలంగా ఉన్నది.

2010 నుంచి ఆ ద్వీపంలో ఏడాదికి ఒకసారి చొప్పున మూడుసార్లు అందరికీ అజిత్రోమైసిన్ ఇచ్చారు. జబ్బున్నవాళ్ళూ, లేనివాళ్ళూ, పిల్లలూ, పెద్దలూ తాగారు. 2013లో మళ్ళీ పరీక్షిస్తే, నూటికి యాభైమంది ఉన్నచోట పదిమంది కూడా మిగలలేదు. కళ్ళు బాగున్నవాళ్ళు "మాకెందుకు?" అని ఇంట్లో కూర్చుని ఉంటే ఈ పని జరిగేదా?

మంచానికి నాలుగు కోళ్ళు

"అయితే ఇంకేం! ఏటా మందు తాగుతూ ఉంటే సరిపోతుందిగా?" అని మీరనవచ్చు. సరిపోదు. మందును పదేపదే వాడితే దానికి లొంగని క్రిములు తయారవుతాయి. ఊరందరికీ అజిత్రోమైసిన్ ఇచ్చిన చోట్ల, పిల్లల గొంతుల్లో ఉండే వేరే క్రిములు కొన్ని ఆ మందుకు లొంగకుండా పోవటం శాస్త్రజ్ఞులు గమనించారు. అందుకే ఇన్నేళ్ళని లెక్కపెట్టి ఇచ్చి, పరీక్షించి, జబ్బు తగ్గగానే ఆపేస్తారు.

ఆపేసిన తరువాత జబ్బు మళ్ళీ రాకుండా కాపాడేది ఏది? ఇక్కడ మనం ఒక ఈగను గురించి తెలుసుకోవాలి. అది మన ఇళ్ళలో ముసిరే ఈగకు దాయాది. దానికి పిల్లల కళ్ళపుసులన్నా, ముక్కుచీమిడి అన్నా మహాప్రీతి. ఒక బిడ్డ కంటిమీద వాలి, కాళ్ళకు పుసులు అంటించుకుని, మరో బిడ్డ కంటిమీద వాలుతుంది. ఈ ఈగ గుడ్లు పెట్టేది ఆరుబయట నేలమీద పడిన మనిషి మలంలో. మరుగుదొడ్డి గుంటలో పెట్టదు. గాంబియాలో మరుగుదొడ్లు కట్టించిన ఊళ్ళలో పిల్లల ముఖాల మీద ఈ ఈగలు వాలటం తగ్గింది. మరుగుదొడ్డికీ, కంటిచూపుకూ సంబంధం ఉన్నదని ఎవరైనా అనుకుంటారా?

ఈగలే కాదు, మన చేతులు కూడా జబ్బును మోస్తాయి. తల్లి ఒకే చీరె చెంగుతో నలుగురు పిల్లల కళ్ళూ తుడుస్తుంది. ఒకే వేలితో నలుగురికీ కాటుక పెడుతుంది. ప్రేమతో చేసిన పనే, కాని ఒకరి క్రిములు నలుగురికీ చేరతాయి. ముఖం శుభ్రంగా కడుక్కున్న బిడ్డ దగ్గర ఈగకు పని లేదు. చెంగుతో తుడవవలసిన అవసరమూ ఉండదు.

నీళ్ళు మైళ్ళ దూరం నుంచి మోసుకురావలసిన ఊళ్ళలో, ముఖాలు కడగటానికి నీళ్ళు ఎక్కడివని తల్లులు అడుగుతారు. మీరొక పరీక్ష చేసి చూడండి. ఒక చెంబునిండా నీళ్ళు తీసుకుని, పొదుపుగా దోసిట్లో పోసుకుంటూ, ఎంతమంది ముఖాలు కడుక్కోగలరో లెక్కపెట్టండి. మీరు అనుకున్న దానికన్న ఎక్కువమందికే సరిపోతాయి.

వైద్యులు ట్రాకోమాతో నాలుగు విధాల పోరాడుతున్నారు. వెంట్రుకలు లోపలికి తిరిగినవారికి చిన్న శస్త్రచికిత్స చేసి రెప్ప అంచును సరిచెయ్యటం ఒకటి. మందు రెండోది. ముఖశుభ్రత మూడోది. నీళ్ళూ, మరుగుదొడ్లూ ఏర్పరచి పరిసరాలను బాగుచెయ్యటం నాలుగోది. ఇవి మంచానికి నాలుగు కోళ్ళ వంటివి. ఒకటి విరిగినా మంచం నిలవదు. మందు లేకుండానే ఐరోపాలో జబ్బు తగ్గుముఖం పట్టిందని ఇందాక చెప్పుకున్నాం గదా. అక్కడ మూడో కోడూ, నాలుగో కోడూ గట్టిగా నిలబడినాయన్నమాట.

గెలిచిన దేశాలు

1996లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అనేక దేశాలను కలుపుకుని ట్రాకోమా నిర్మూలనకు పూనుకున్నది. 2002లో ఈ జబ్బు సోకే ప్రమాదమున్న చోట్ల సుమారు 150 కోట్లమంది ఉండేవారు. 2025 నాటికి ఆ సంఖ్య 10 కోట్లకు లోపల పడింది. మొరాకో 2016లోనూ, నేపాలు, ఘనా 2018లోనూ, గాంబియా 2021లోనూ గెలుపు సాధించాయి. 2024 అక్టోబరులో భారతదేశానికి కూడా ఆ గౌరవం దక్కింది. ప్రజారోగ్యానికి సమస్యగా ఉండిన ట్రాకోమా ఇక్కడ తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించింది. అలీగఢ్‌లో పని మొదలుపెట్టిన 68 ఏళ్ళకు ఈ మాట వినగలిగాము.

ఇలా ప్రకటించినంత మాత్రాన జబ్బు ఒక్కరికీ ఉండదని కాదు. వైద్యులు కాపలా కాస్తూనే ఉండాలి. చిన్నప్పుడు పడిన మచ్చలు ముసలివాళ్ళ రెప్పల్లో ఇంకా ఉన్నాయి. వాళ్ళను వెతికి శస్త్రచికిత్స చెయ్యాలి. ఇథియోపియాలో ఇప్పటికీ కోట్లాదిమంది ఈ జబ్బున్న ప్రాంతాల్లోనే బతుకుతున్నారు. 2030లోగా ప్రపంచమంతటా దీనిని తొలగించాలని లక్ష్యం పెట్టుకున్నారు.

పిల్లలూ! మనకు వానాకాలంలో వచ్చే కండ్లకలక వేరు, ట్రాకోమా వేరు. కండ్లకలక చాలామందికి కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. అయినా అది కూడా చేతుల మీదుగానే అంటుకుంటుంది. అంచేత కళ్ళు ఎర్రబడితే నలపకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. మీ తువాలు మరొకరికి ఇవ్వకండి. ఎవరికో ఇచ్చిన చుక్కలమందు, పోయినేడు మిగిలిపోయిన మందు కళ్ళలో వేసుకోకండి. డాక్టరుకు చూపించండి. ఆయన ఇన్నిరోజులు వాడమంటే, తగ్గినట్టు కనిపించినా అన్నిరోజులూ వాడండి.

ఎప్పుడైనా మీ బడికి నులిపురుగుల బిళ్ళలు తెచ్చి అందరినీ వరసలో నిలబెడితే, "నాకు జబ్బు లేదుగా!" అని తప్పుకోకండి. కార్ నికోబార్‌లో కళ్ళు బాగున్న పిల్లలు కూడా మందు తాగారు. దాని మూలాన వాళ్ళ పక్కింటి పిల్లల కళ్ళు దక్కినాయి, తమ కళ్ళూ దక్కినాయి.